పగిలిన స్టీరింగ్‌ని పారేయమనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇంజను గురించి, రంగు గురించి, రిజిస్ట్రేషన్ గురించి రాసినవన్నీ పనికొచ్చే సంగతులే. స్టీరింగ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం, పగుళ్లు పడ్డదైతే తీసేసి మార్కెట్లో దొరికే కొత్త లెదర్ స్టీరింగ్ వేయించుకోవడం మేలని, అదే భద్రత అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే. మీ పత్రిక ఇంటింటికీ వెళ్తుంది. ఆ సలహా నమ్మి ఎంతమంది తమ తాతల నాటి కారు స్టీరింగ్‌ని పాత ఇనుము కొనేవాళ్లకు వేసేస్తారో అన్న దిగులుతో రాస్తున్నాను. పగిలిన స్టీరింగ్ బాగవుతుంది. అన్నీ కాకపోయినా చాలావరకు బాగవుతాయి, అదీ మన ఊళ్లలోనే, మనకు దొరికే సామానుతోనే.

నేను తెనాలిలో ఉంటాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారు డాక్టరు. ఆయన 1968లో కొన్న ఫియట్ 1100 డిలైట్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నడుస్తోంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఇటలీ ఫియట్ కంపెనీ లైసెన్సు మీద తయారు చేసిన కారు అది. 1089 సీసీ ఇంజను, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే. 1970లలో ఇదే కారు ప్రీమియర్ పద్మిని అయ్యింది. కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం ఎదురుచూసే రోజులవి. అర్ధరాత్రి కాన్పు కేసు వచ్చిందని ఎవరైనా తలుపు తడితే నాన్నగారు ఆ కారు తీసుకుని చుట్టుపక్కల పల్లెలకు వెళ్లేవారు. కాలవ గట్ల మీద, గతుకుల రోడ్ల మీద ఆయన చేతులు పట్టుకుని ఉన్నది ఆ స్టీరింగ్‌నే. దంతపు రంగు, సన్నని రిమ్ము, రెండు స్పోకులు, మధ్యలో క్రోమ్ హారన్ రింగు. ఎడమ వైపు, ఆయన చెయ్యి ఎప్పుడూ ఉండే చోట, రిమ్ము వెనక గాడులు అరిగి నున్నగా అయిపోయాయి. కొత్త స్టీరింగ్ ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ అరుగుదల రాదు కదా.

ముందు ఈ పగుళ్లు ఎందుకు వస్తాయో చెప్పనివ్వండి. కారణం తెలిస్తే పారేయాలన్న తొందర సగం తగ్గుతుంది.

పాత స్టీరింగ్ లోపల ఉక్కు చట్రం ఉంటుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ పోత పోస్తారు. తొలి రోజుల్లో కొన్నిటికి గట్టి రబ్బరు, అంటే ఎబొనైట్, వాడేవారు. 1930ల నుంచి చాలా కంపెనీలు సెల్యులోజ్ ఎసిటేట్ జాతి ప్లాస్టిక్కులకు మారాయి. అమెరికాలో ఈస్ట్‌మన్ కంపెనీ టెనైట్ అన్న పేరుతో అమ్మింది ఆ జాతి ప్లాస్టిక్కే. దీనికి మూల సరుకు కలప గుజ్జు గానీ, పత్తి గింజలకు అంటుకుని మిగిలిపోయే సన్నని నూగు గానీ. గుంటూరు జిల్లాలో పుట్టిన నేను క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా, మన జిన్నింగు మిల్లుల దగ్గర పడుండే ఆ నూగు కార్లలోకీ, కళ్లజోడు ఫ్రేముల్లోకీ, సినిమా రీళ్లలోకీ ఎలా చేరిందో చెప్పేదాన్ని. పిల్లలకు ఆ ఒక్క పాఠం బాగా గుర్తుండేది.

ఉక్కుకీ ఈ ప్లాస్టిక్కుకీ ఎండలో పొత్తు కుదరదు. వేడికి ఉక్కు ఎంత సాగుతుందో, ఈ జాతి ప్లాస్టిక్ దానికి సుమారు ఎనిమిది, పది రెట్లు సాగుతుంది. లెక్క వేసి చూడండి. రిమ్ము అడ్డకొలత 40 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 125 సెంటీమీటర్లు. డిసెంబరు తెల్లవారుజామున ఉన్న చలికీ, మే నెల మధ్యాహ్నం అద్దాలు బిగించి ఎండలో పెట్టిన కారు లోపలి వేడికీ తేడా 40 డిగ్రీలే అనుకుందాం. ఉక్కు చట్రం చుట్టుకొలత పెరిగేది అర మిల్లీమీటరు పైచిలుకు. ప్లాస్టిక్కు పెరగాలనుకునేది 5, 6 మిల్లీమీటర్ల దాకా. ఎండలో సాగి, రాత్రికి బిగిసి, మళ్లీ సాగి, ఏళ్ల తరబడి ఇదే పని. దీనికి తోడు ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ మెల్లమెల్లగా ఆవిరైపోతుంది. అది పోయేకొద్దీ పోత కుంచించుకుపోతుంది, పెళుసుబారుతుంది. లోపలున్న ఉక్కు కుంచించుకోదు. ఇంక పగలక ఏం చేస్తుంది? స్పోకు రిమ్ముని కలిసే చోట బిగింపు ఎక్కువ కాబట్టి మొదటి పగులు దాదాపు ఎప్పుడూ అక్కడే వస్తుంది. మా స్టీరింగ్‌కీ అక్కడే వచ్చింది.

ఇంకో సంగతి. సెల్యులోజ్ ఎసిటేట్ పాడైపోతున్నప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదల చేస్తుంది. అంటే వెనిగర్ వాసన. పాత సినిమా ఫిల్ములను పట్టి తినేసే జబ్బు ఇదే. ఆ ఆమ్లం అక్కడే నిలవ ఉంటే చెడిపోవడం ఇంకా వేగంగా జరుగుతుంది. కాబట్టి పాత కారుని అపురూపంగా చూసుకుంటున్నామనుకుని ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలాడని షెడ్డులో మూసిపెట్టేవాళ్లు దానికి చెరుపే చేస్తున్నారు. నీడ కావాలి, దానితోపాటు గాలి కూడా కావాలి. కారు లోపల పుల్లని వాసన వస్తుంటే అద్దాలు కొద్దిగా దించి ఉంచండి.

స్టీరింగ్ కవర్ల సంగతి కూడా చెప్పాలి. పగులు కనిపించగానే మనవాళ్లు చేసే మొదటి పని రెగ్జిన్ కవరు తొడగడం, లేకపోతే ప్లాస్టిక్ వైరుతో అల్లించడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపల మాత్రం చేతి చెమట ఆ పగుళ్లలోంచి ఉక్కుదాకా దిగుతుంది. ఉప్పు కలిసిన తడి, గాలి తగలని చోటు. తుప్పు పట్టడానికి అంతకంటే ఏం కావాలి? తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పగులుని ఇంకా తెరుస్తుంది. మా కారుకి నాన్నగారు పోయిన తర్వాత ఎవరో తొడిగిన కవరు ఉండేది. దాన్ని బ్లేడుతో కోసి తీస్తే రెగ్జిన్ జిగురై రిమ్ముకి అతుక్కుపోయి ఉంది, పగుళ్ల అంచులన్నీ గోధుమ రంగులోకి తిరిగాయి.

దాన్ని మొదట చూపించిన వర్క్‌షాపులో మెకానిక్ కుర్రాడు ఒక చూపు చూసి, "తీసి అవతల పడేయండి మేడం, స్పోర్ట్స్ స్టీరింగ్ వేద్దాం, లుక్ అదిరిపోద్ది" అన్నాడు. మీ వ్యాసం చెప్పిందీ ఇంచుమించు అదే. ఈ సలహాలో నాకు కనబడే ప్రమాదం ఇది. పాత కార్లకు పవర్ స్టీరింగ్ లేదు. అందుకే రిమ్ము అంత పెద్దది పెట్టారు, చేతికి పట్టు దొరకాలని. 42 సెంటీమీటర్ల స్టీరింగ్ తీసి 35 సెంటీమీటర్లది బిగిస్తే అదే మలుపుకి చేతులు 20 శాతం ఎక్కువ బలం పెట్టాలి. ఇరుకు సందులో కారు తిప్పేటప్పుడు ఆ తేడా భుజాలకు తెలుస్తుంది. పైగా కొత్త స్టీరింగ్ మధ్య భాగం పాత షాఫ్టు పళ్ల మీద సరిగ్గా కూర్చోదు. మధ్యలో ఒక అడాప్టర్ వేయాలి. అది ఎవరో లేతు మీద కొలత చూసీ చూడకుండా కోసినదైతే, ఎంత మంచి లెదర్ చుట్టినా ఏం లాభం? రిమ్ము మీద పగులు కంటికి కనబడుతుంది, జాగ్రత్త పడతాం. లోపల వదులైన అడాప్టర్ కనబడదు.

ఆ కుర్రాడు మధ్య నట్టు పూర్తిగా తీసేసి, షాఫ్టు కొన మీద కొట్టడానికి సుత్తి కూడా ఎత్తాడు. ఆపమన్నాను. ఆ దెబ్బ షాఫ్టు వెంట దిగి కింద స్టీరింగ్ బాక్సులో బేరింగుల మీద పడుతుంది. కొన మీద మరలు చితికితే నట్టు మళ్లీ సరిగ్గా ఎక్కదు. సరైన పద్ధతి అంత కష్టమేమీ కాదు. ముందు బ్యాటరీ తీగ విప్పాలి, లేకపోతే హారన్ మోగుతూనే ఉంటుంది. చక్రాలు నేరుగా పెట్టాలి. హారన్ బటన్ తీసి, మధ్య నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు పట్టి ఉంచాలి. షాఫ్టు మీద ఒక చుక్క, దానికి ఎదురుగా స్టీరింగ్ మధ్య భాగం మీద ఒక చుక్క, సెంటర్ పంచ్‌తో కొట్టాలి. ఆ రెండు చుక్కలూ తిరిగి బిగించేటప్పుడు కలిస్తేనే స్టీరింగ్ నేరుగా నిలబడుతుంది. అప్పుడు పుల్లర్, అంటే స్టీరింగ్‌ని షాఫ్టు మీంచి పైకి లాగే పనిముట్టు, పెట్టి నిదానంగా బిగిస్తూ పోతే టక్కుమని వదులుతుంది. నట్టు మరల మీద ఉంది కాబట్టి ఊడి మొహానికి తగలదు.

కారుని అక్కణ్ణించి తెచ్చేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ టింకరింగ్, పెయింటింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. వయసులో నాకంటే పెద్దవారు. పాత అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు చేసీ చేసీ చేతులు అరిగిన మనిషి. పుల్లర్ పెట్టి నేను పైన చెప్పినట్టే స్టీరింగ్ తీశారు. దాన్ని వెలుతురులో పట్టుకుని, గోటితో ఒక్కో పగులూ గీకి చూసి, ముందు ఆయన అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "మేడం గారూ, లోపల ఊచ బాగుందా లేదా, ముందు అది చూద్దాం. అది బాగుంటేనే పని మొదలెడతా, లేకపోతే ఒప్పుకోను."

ఎడిటర్ గారూ, మీ వ్యాసంలో ఉండాల్సిన మాట అది. పగిలింది పైన పోత అయితే బాగు చేయవచ్చు. లోపల ఉక్కు చట్రం విరిగినా, వంగినా, స్పోకు వచ్చి స్టీరింగ్ మధ్య భాగానికి అతికిన చోట చీలిక ఉన్నా, తుప్పుతో ఊచ సన్నబడిపోయినా, ఆ స్టీరింగ్‌ని గోడకు తగిలించుకోవాలి తప్ప కారుకి బిగించకూడదు. దాని మీద ఎంత గట్టి పుట్టీ పెట్టినా అది మోసమే. అటువంటప్పుడు అదే మోడల్‌ది ఇంకో పాత స్టీరింగ్ వెతుక్కోవాలి. చెన్నై పుదుప్పేటలో ఓపిగ్గా తిరిగితే విప్పిన కార్లవి దొరుకుతాయి. అది కూడా పగిలే ఉంటుంది, కానీ ఊచ బాగుంటే చాలు.

మాది బాగుంది. అక్కణ్ణించి భాయ్ చేసిన పని దగ్గర కూర్చుని చూశాను.

మొదట కడగడం. షాపు కుర్రాడు అలవాటుగా థిన్నర్ గుడ్డ తీశాడు. అది ఈ ప్లాస్టిక్ ఒంటికి పడదని చెప్పాను. ఎసిటోన్, అది కలిసిన థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రావణం, ఇవన్నీ సెల్యులోజ్ ఎసిటేట్‌ని కరిగిస్తాయి. పైన మురికితోపాటు స్టీరింగ్ పొర కూడా గుడ్డకు అంటుకుని వస్తుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, పాత టూత్ బ్రష్షు చాలు. జిగురు ఇంకా వదలకపోతే వెనక వైపు కనబడని చోట దూదితో కొంచెం రాసి చూసి, మెత్తబడటం లేదని తెలిశాకే వేరే ద్రావణం జోలికి పోవాలి. భాయ్ వెంటనే ఒప్పుకున్నారు. "మీ సైన్సు మీరు చెప్పండి, నా పని నేను చేస్తా" అన్నారు. పని పూర్తయ్యేదాకా మా ఒప్పందం అదే.

తర్వాత పగుళ్లను ఆయన ఇంకా పెద్దవి చేశారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది, కానీ కారణం ఉంది. వెంట్రుకవాసి పగులులో పుట్టీ దిగదు, దిగినా పట్టు ఉండదు. హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో పగులునీ ఉక్కుదాకా కోసి, అంచులు పైన వెడల్పుగా, లోపలికి సన్నగా వచ్చేలా ఆకురాయితో తీశారు. అడుగున ఉక్కు కనబడింది. కొన్ని చోట్ల ఎర్రగా తుప్పు. దాన్ని గీకి, ఎమరీ పేపర్‌తో తెల్లటి లోహం వచ్చేదాకా రుద్ది, మూలల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాశారు. అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది, నల్లని పొరలాగా నిలుస్తుంది. ఆరాక తుడిచి, కాస్త ప్రైమర్. ఇది చేయకుండా పైన పూడిస్తే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, రెండేళ్లలో పగులు మళ్లీ తెరుచుకుంటుంది.

పూడ్చడానికి ఏం వాడాలి అన్నది అసలు ప్రశ్న. షాపులన్నీ వాడేది బాడీ మీద సొట్టలకు పెట్టే పాలిస్టర్ పుట్టీ. త్వరగా గట్టిపడుతుంది, చవక. కానీ స్టీరింగ్‌ని రోజూ రెండు చేతులతో మెలిపెడతాం. ఆ మెలికకు పాలిస్టర్ పుట్టీ తట్టుకోదు, పెళుసుగా విడిపోతుంది. ఇక్కడ కావలసింది ఎపాక్సీ. భాయ్ చిన్న పగుళ్లకు నిదానంగా ఆరే అరాల్డైట్, పెద్ద గాడులకు ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద వాడారు. ఐదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, రాత్రంతా ఆరేదే పట్టు ఎక్కువ. రెండు భాగాలూ డబ్బా మీద చెప్పిన పాళ్లలో, రంగు చార లేకుండా ఒకటే రంగు అయ్యేదాకా కలపాలి. గట్టిపడే మందు ఎక్కువ వేస్తే ఇంకా గట్టిగా అవుతుందని కొందరనుకుంటారు. అది తప్పు. ఇది రసాయన చర్య, పాళ్లు తప్పితే కొంత మందు కలవకుండా లోపలే మిగిలిపోయి ముద్ద మెత్తగా ఉండిపోతుంది. క్లాసులో మోలు లెక్కలు చెప్పిన దాన్ని కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

ముద్దని అంచులకంటే కొంచెం ఎత్తుగా పెట్టి, స్టీరింగ్‌ని తాడుతో దూలానికి వేలాడదీశారు. మర్నాడు రుద్దుడు. ఇందులో ఆయన చేతి పనితనం చూసి తీరాలి. రిమ్ము గుండ్రంగా ఉంటుంది కదా, చదునైన చెక్కకు ఎమరీ చుట్టి రుద్దితే గుండ్రం పోయి పలకలు పడతాయి. భాయ్ ఎమరీ గుడ్డని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చించి, రిమ్ము వెనకనించి తిప్పి, బూటు పాలిష్ చేసేవాళ్లు గుడ్డ లాగినట్టు రెండు చేతులతో అటూ ఇటూ లాగారు. వెనక వేళ్ల గాడులకు సైకిల్ ట్యూబు ముక్క మీద ఎమరీ అంటించి ఒక్కో గాడినీ విడిగా తీశారు. మొదట 80 నంబరు, తర్వాత 180, 320, చివరికి 600 వాటర్ పేపర్. మధ్యమధ్యలో కళ్లు మూసుకుని రిమ్ము చుట్టూ వేలు పోనిచ్చేవారు. కంటికి కనబడని మెట్టు వేలికి తగులుతుందని. తగిలిన చోట పెన్సిల్‌తో గీత, మళ్లీ రుద్దుడు. పగుళ్లు ఎక్కడ ఉన్నాయో తెలిసిన నాకే చివరికి వేలితో కనుక్కోవడం చేతకాలేదు.

నాన్నగారి చెయ్యి అరగదీసిన ఎడమ వైపు గాడులను మాత్రం నింపొద్దన్నాను. అక్కడ పగులు లేదు, అరుగుదలే. భాయ్ ఎందుకని అడగలేదు, అలాగే వదిలేశారు.

రంగు విషయంలో ఒక మెళకువ చెబుతాను, పాత కార్లు ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుంది. యాభై ఏళ్ల ఎండకి, చేతి జిడ్డుకి పైన కనబడే రంగు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. దాన్ని చూసి రంగు కలిపితే పసుపు పచ్చగా వస్తుంది. హారన్ బటన్ తీశాక దాని కింద, వెలుతురు ఎప్పుడూ పడని ఒక సన్నని వలయం ఉంటుంది. ఫ్యాక్టరీలోంచి వచ్చిన నాటి రంగు అక్కడ దాక్కుని ఉంటుంది. మాది అక్కడ లేత మీగడ రంగులో ఉంది. రంగుల దుకాణానికి స్టీరింగ్ పట్టుకుని వెళ్లి, పగటి వెలుతురులో ఆ వలయానికి సరిపోల్చి కలిపించాం. ట్యూబులైటు కింద చూస్తే ఒక రంగు, బయట ఇంకో రంగు.

హారన్ రింగుకి మళ్లీ క్రోమ్ పూత వేయిద్దామని కొందరన్నారు. నేను వద్దన్నాను. దాని మీద చిన్న చిన్న చుక్కలున్నాయి తప్ప పూత లేవలేదు. బ్రాసో పెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలినంత మెరుపు వచ్చింది. క్రోమ్ పూత తొట్లలో ఉండే క్రోమిక్ ఆమ్లం మనిషికీ నేలకీ చెడ్డ విషం. నిజంగా అవసరమైతే తప్ప ఆ పని పెట్టకపోవడమే మంచిది.

చివరి పూతకి 2కే పాలీయూరిథేన్, అంటే రెండు భాగాలు కలిపి వేసే పెయింటు, వాడాం. పైన మెరుపు తక్కువ ఉండే క్లియర్, అంటే రంగులేని పూత. చెమటకీ, రుద్దుడికీ తట్టుకునేది అదే. అయితే ఈ పెయింటులో కలిపే గట్టిపరిచే మందులో ఐసోసైనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకు ఎలర్జీ పుట్టి ఆస్తమా వస్తుంది. ఒకసారి పట్టుకుంటే తర్వాత కాస్త తగిలినా ఆయాసమే. పెయింటర్ల జీవనోపాధే పోతుంది. మన షాపుల్లో కుర్రాళ్లు మూతికి చేతి రుమాలు కట్టుకుని ఇదే పెయింటు కొడుతున్నారు. రుమాలు గానీ, దుమ్ముకి పెట్టుకునే గుడ్డ మాస్కు గానీ ఐసోసైనేటుని ఆపవు. బయటినించి మంచి గాలి గొట్టం ద్వారా అందే ముసుగు కావాలి. భాయ్ షాపులో అది లేదు కాబట్టి రంగు ఒక్కటీ అది ఉన్న చోట, బూత్‌లో వేయించాం. ఖర్చు కొంచెం ఎక్కువైంది. ఆ ఖర్చు ఇవ్వాల్సిందే. నా స్టీరింగ్ మెరవడానికి ఇంకొకరి ఊపిరి తీసుకోలేను. పాత కార్ల మీద లక్షలు పోసే పెద్దమనుషులందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను, మీ కారుకి రంగు వేసే కుర్రాడి మొహానికి ఏముందో ఒక్కసారి చూడండి.

బిగించేటప్పుడు పంచ్ చుక్కలు కలిపి, లాక్ వాషర్ కొత్తది వేసి, హారన్ కాంటాక్టు శుభ్రం చేసి, నట్టు బిగించాక ఖాళీ స్థలంలో రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే రోడ్డు ఎక్కించాం. అన్నీ కలిపి అయిన ఖర్చు, ఆ వర్క్‌షాపు వాళ్లు చెప్పిన కొత్త స్టీరింగ్ ధరలో సగం కూడా లేదు. టైము మాత్రం పట్టింది. అందులో ఎక్కువ భాగం ఆరడానికి ఆగడమే.

ఇంక రూల్స్ సంగతి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉంచిన బళ్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకోవడానికి 5,000. మీ వ్యాసం ఇవన్నీ బాగా చెప్పింది. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చేసిన బళ్లు దీనికి పనికిరావని ఆ నిబంధనల్లోనే ఉంది. స్టీరింగ్ పేరు అందులో లేదు. పేరు లేదు కదా అని మార్చేయమనడం సరైన సలహా అవుతుందా? పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో టూరిన్ చార్టర్ ఆమోదించింది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం ముందు, బాగు చేయడం ఆ తర్వాత అన్నది దాని సారం. టూరిన్ అంటే మా ఫియట్ పుట్టిన ఊరు. అంబాసిడర్ తయారీ కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ఆ ఫ్యాక్టరీల నుంచి ఇంక ఒక్క స్టీరింగ్ కూడా రాదు. ఉన్నవే ఉన్నాయి.

అందుచేత మీకు నా విన్నపం. ఆ వాక్యానికి సవరణ వేయండి. పోత పగిలిందా, ఊచ విరిగిందా అన్నది తెలిసిన మనిషికి చూపించుకున్నాకే నిర్ణయించుకోమని చెప్పండి. వీలైతే ఆటోనగర్‌లలో ఇలాంటి పని చేసే పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ కలిసి వాళ్ల పని గురించి రాయండి. భాయ్ దగ్గర నేర్చుకోవడానికి ఇప్పుడు ఎవరూ లేరు. ఉన్న కుర్రాడికి కూడా బంపర్లు మార్చడమే పని, ఎందుకంటే ఇప్పటి కార్లలో బాగు చేసేదానికంటే మార్చేదే ఎక్కువ.

ఐటీఐలలో మోటారు మెకానిక్ ట్రేడు, పెయింటర్ ట్రేడు చెప్పే మాస్టార్లకు కూడా ఒక మాట. ఏ ప్లాస్టిక్‌కి ఏ ద్రావణం పడదు, ఎపాక్సీకి పాళ్లు ఎందుకు తప్పకూడదు, ఐసోసైనేటు ఏం చేస్తుంది, ఇవి పిల్లలకు చెప్పాలంటే రెండు పూటల పాఠం. తెనాలి, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎవరు పిలిచినా వచ్చి చెబుతాను, ఫీజు అక్కర్లేదు. చేతి పని చూపించడానికి భాయ్ కూడా వస్తానన్నారు, ఆయనకు మాత్రం రోజు కూలీ ఇవ్వాలి. పిల్లలు చెయ్యి తిప్పుకోవడానికి పగిలిన అంబాసిడర్ స్టీరింగులు కొన్ని పోగు చేసి పెట్టాను, ఊచలు గట్టిగా ఉన్నవి. పుల్లర్ కూడా ఉంది. మీ కార్యాలయానికి ఉత్తరం రాస్తే నా చిరునామా ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
తెనాలి.